పళ్ళు లేని నోటికి కొలత దేనితో తీయాలి? కాంపౌండా, ఆల్జినేటా, జింక్ ఆక్సైడా, సిలికానా?

కొత్తగా క్లినిక్ పెట్టిన డెంటిస్టులు, హౌస్ సర్జన్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. కాలేజీలో ఫుల్ సెట్టు కేసంటే రెడ్ కాంపౌండ్ (వేడికి మెత్తబడే ముద్ద), గ్రీన్ స్టిక్ (అంచులకి వాడే అలాంటిదే కడ్డీ), జింక్ ఆక్సైడ్ పేస్టు అని వరసగా మెట్లన్నీ ఎక్కించారు. బయటికొచ్చి చూస్తే పక్క వీధిలో సీనియర్ ఒక్క ఆల్జినేట్‌తో (నీళ్ళలో కలిపితే గట్టిపడే పొడి), ఒకే సిట్టింగ్‌లో పని కానిచ్చేస్తున్నారు. పేషెంట్లు ఆయన దగ్గరికి బాగానే వెళ్తున్నారు. మెటీరియల్ అమ్మే కుర్రాడు రబ్బరులా సాగే సిలికాన్ గన్ను టేబుల్ మీద పెట్టి "సార్, ఇది వాడితే సెట్టు ఊడదు" అంటాడు. స్కానర్ అమ్మేవాళ్ళ దృష్టిలో అసలు కొలత తీయడమే పాతకాలపు పని.

నా మాట ముందే చెప్పేస్తాను. రిడ్జ్ (పళ్ళు పోయాక మిగిలే దవడ గట్టు) గట్టిగా, ఓ మోస్తరు ఎత్తుగా ఉండి, లాలాజలం సరిపడా ఊరే మామూలు నోటికి కాలేజీలో నేర్పిన పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. చివరి మెట్టులో జింక్ ఆక్సైడ్ బదులు సిలికాన్ వాడినా మంచిదే. ఫైనల్ (రెండో, అసలు) కొలత కూడా ఆల్జినేట్‌తోనే తీసేయడం పైదవడకి కొన్ని నోళ్ళలో నడుస్తుంది, కిందిదవడకి మాత్రం నేను ఒప్పుకోను. సెట్టు నిలవడం మెటీరియల్ కన్నా, దాన్ని నింపి నోట్లో పెట్టే ట్రే మీద, ట్రే కన్నా అంచుల మీద ఎక్కువ ఆధారపడుతుంది. సైజు కుదరని రెడీమేడ్ ట్రేలో ఖరీదైన సిలికాన్ నింపడం కన్నా, ఆ నోటికే చేసిన ట్రేలో చవక పేస్టు పెట్టడం మేలు.

పరిశోధనలు ఏమంటున్నాయి

ఇక్కడ కొంచెం చిక్కు ఉంది. 2005లో మాంట్రియల్ నుంచి వచ్చిన ఒక ట్రయల్‌లో 122 మందిని రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకి సంప్రదాయ పద్ధతిలో, ఇంకో గుంపుకి ఆల్జినేట్ ఒక్కదానితో సులువు పద్ధతిలో సెట్లు కట్టారు. ఆరు నెలల తర్వాత అడిగితే పేషెంట్ల సంతృప్తిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2014లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ బృందం మరోలా చేసింది. ఒకే పేషెంటుకి రెండు జతలు కట్టి, ఒకదానికి ఆల్జినేట్‌తో, రెండోదానికి సిలికాన్‌తో కొలత తీశారు. ఏ కొలతతో ఏ సెట్టు కట్టారో పేషెంటుకి చెప్పలేదు. దాదాపు మూడింట రెండొంతుల మంది సిలికాన్ సెట్టునే ఇష్టపడ్డారు. 2018లో కోక్రేన్ (వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష ఇలాంటి ట్రయల్స్ అన్నింటినీ జల్లెడ పట్టి, ఫలానా మెటీరియల్ లేదా ఫలానా పద్ధతే గొప్పదని గట్టిగా చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది.

దీన్ని పట్టుకుని "ఏదైనా ఒకటే" అనేవాళ్ళున్నారు. నేను అలా చదవను. ట్రయల్స్ సగటు మనిషి గురించి చెబుతాయి. మన కుర్చీలో కూర్చునేది సగటు మనిషి కాదు. పదిహేనేళ్ళ క్రితమే పళ్ళన్నీ పోయి, రెండు సెట్లు అరగదీసి, కింది రిడ్జ్ నేలమట్టమైన డెబ్భై ఏళ్ళ ముసలాయన కావచ్చు. ఆయనకి ఆల్జినేట్ చాలుతుందా అన్నది వేరే ప్రశ్న.

ట్రే తీసే ముందు వేలు పెట్టి చూడండి

మెటీరియల్ ఎంచుకోవాల్సింది మన షెల్ఫులో ఏముందో చూసి కాదు. గ్లౌజు వేసుకుని చూపుడు వేలితో రిడ్జ్ అంతా తడమండి. పైన ముందు భాగంలో చిగురు అటూ ఇటూ ఊగుతోందా? కింద ఎముక అంచు కత్తిలా తగులుతోందా? పైన వెనక మూలల్లో ట్యూబరాసిటీ (ఎముక గుబ్బ) పక్కకి ఉబ్బి, దాని కింద అండర్‌కట్ (లోపలికి వంగిన పల్లం) ఉందా? మిర్రర్‌ని బుగ్గ లోపల ఆనించి లాగితే అంటుకుంటోందా, జారుతోందా? అంటుకుంటే నోరు ఎండిపోయిందన్నమాట. షుగర్, బీపీ మందులు వాడే పెద్దవాళ్ళలో ఇది చాలా ఎక్కువ. ఈ నాలుగింటికి జవాబు తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

పాత సెట్టు పెట్టుకుని వచ్చినవాళ్ళ దగ్గర అదే రోజు కొలత తీయకండి. సెట్టు కింద నలిగిన చిగురు అసలు ఆకారంలో ఉండదు. కనీసం ఒక రోజు, వీలైతే రెండు మూడు రోజులు సెట్టు తీసేసి రమ్మనాలి. "పెళ్ళి ఉంది డాక్టర్ గారూ, పళ్ళు లేకుండా ఎలా వెళ్తాను" అంటే పాత సెట్టు లోపల టిష్యూ కండిషనర్ (మెత్తటి పూత) వేసి పంపొచ్చు. అంగిలి ఎర్రగా, పాత సెట్టు ఆకారంలోనే కంది ఉంటే అది ఫంగస్ కావచ్చు. ముందు దానికి మందు, తర్వాతే కొలత.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరప్రాంతాల్లో పనిచేసేవాళ్ళకి ఇంకో మాట. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉన్నవాళ్ళు ఇంకా కనిపిస్తారు. ఈ అలవాటుకీ అంగిలి మీద వచ్చే మచ్చలకీ, పుండ్లకీ, క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి ఆంధ్రాలో పదివేల మందికి పైగా గ్రామస్థులను పరీక్షించిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. పై ట్రే పెట్టే ముందు అంగిలిని మంచి లైటులో పూర్తిగా చూడండి. తెల్లగా, మందంగా, మధ్యలో ఎర్రటి చుక్కలతో ఉంటే, లేదా మానని పుండు ఉంటే, కొలత పక్కన పెట్టి ముందు బయాప్సీకి పంపాలి. సెట్టు కోసం వచ్చినప్పుడే ఆ అంగిలిని ఎవరైనా చూసేది.

మొదటి కొలత: కాంపౌండ్, ఆల్జినేట్

ప్రైమరీకి, అంటే మొదటి కొలతకి, పోటీ ఈ రెండింటి మధ్యే. పుట్టీ (పిండిలా పిసికే) సిలికాన్‌తో తీసేవాళ్ళూ ఉన్నారు, అది ఖర్చు భరించగలిగితే.

కాంపౌండ్‌కి ఉన్న బలం దాని చిక్కదనమే. కింది రిడ్జ్ చదునైపోయి, బుగ్గలు, నాలుక రెండు పక్కల నుంచి లోపలికి మూసుకొచ్చే నోట్లో ఆల్జినేట్ ఎటు తోస్తే అటు పోతుంది. కాంపౌండ్ మాత్రం వాటిని పక్కకి నెట్టి తన చోటు తను చేసుకుంటుంది. నాలుక వెనక మూల దాకా చేరుతుంది. ఎక్కడైనా అందకపోతే కొంచెం వేడి చేసి, మరో ముక్క కలిపి మళ్ళీ పెట్టొచ్చు. ఆల్జినేట్‌లో ఆ వెసులుబాటు లేదు, నచ్చకపోతే మొత్తం పారేసి మళ్ళీ కలపాలి.

నీళ్ళు 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి. గిన్నె అడుగున గాజ్ గుడ్డ (పలచటి కట్టు గుడ్డ) వేస్తే ముద్ద అడుక్కి అంటుకోదు. కాంపౌండ్ వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది కాబట్టి పైపైన మెత్తబడగానే తీసేస్తే లోపల గట్టిగానే ఉంటుంది. చపాతీ పిండిలా లోపలిదాకా ఒకే మెత్తదనం వచ్చేవరకూ ఆగి, మడతలు చిగురు వైపు రాకుండా ట్రేలో పరచాలి. నీళ్ళలో పెట్టి మరీ ఎక్కువసేపు పిసికితే తడి లోపలికి పోయి మెటీరియల్ స్వభావమే మారుతుంది. ఒకరి నోట్లో వాడిన కేకుని ఇంకొకరికి వాడే పొదుపు గురించి అయితే చెప్పక్కర్లేదు, మానేయండి.

అండర్‌కట్‌లు ఉన్న పైదవడకి, ముందు భాగం ఊగే రిడ్జ్‌కి, నొప్పి తట్టుకోలేని పలచటి చిగురుకి ఆల్జినేట్ తీసుకోవాలి. కాంపౌండ్ అలాంటి చోట అండర్‌కట్ దగ్గర లాగేసుకుని వంకర పోతుంది, ఊగే చిగురుని అణచేస్తుంది. ఆల్జినేట్ వాడేటప్పుడు రెడీమేడ్ ట్రే అంచులు పొట్టిగా ఉంటే మైనంతో పెంచాలి. ట్రేకి, చిగురుకి మధ్య 5 మిల్లీమీటర్లు ఖాళీ చూసుకోవాలి. చిల్లుల ట్రే అయినా అడ్హెసివ్ (జిగురు) రాయడం మానకండి.

మన వేసవి గురించి పాఠ్యపుస్తకాల్లో ఉండదు. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ట్యాంకు నీళ్ళతో ఆల్జినేట్ కలిపితే ట్రే నోటి దాకా వెళ్ళేలోపే గట్టిపడుతుంది. ఫ్రిజ్ నీళ్ళు కొంచెం కలిపి 20 డిగ్రీల చుట్టుపక్కలకి తెచ్చుకోవాలి. తీసిన కొలతలో పది పదిహేను నిమిషాల్లో ప్లాస్టర్ పోసేయాలి. ఆల్జినేట్ గాలిలో ఉంటే నీరు కోల్పోయి కుంచించుకుపోతుంది, నీళ్ళలో ఉంటే ఉబ్బుతుంది. ల్యాబ్ కుర్రాడు సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడులే అనుకుంటే ఆ ఇంప్రెషన్ అప్పటికే పనికిరాదు. ప్రైమరీ కాస్ట్ (ప్లాస్టర్ అచ్చు) ఎవరి క్లినిక్‌లో వాళ్ళు పోసుకోవడమే మంచిది.

మెటీరియల్‌కి పెట్టే ఖర్చులో సగం ట్రేకి పెట్టండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే కాబట్టి కొంచెం ఆగుతాను.

పై సెట్టు ఆనుకునే విస్తీర్ణం పాఠ్యపుస్తకాల లెక్కలో సుమారు 23 చదరపు సెంటీమీటర్లు. కిందిది 12 దాకా ఉంటుంది, అంటే దాదాపు సగం. పైగా కింది ఎముక అరిగిపోయే వేగం ముందు భాగంలో పైదానికి నాలుగు రెట్లని టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లోనే చూపించారు. ఇంత తక్కువ జాగాలో, నాలుక పగలంతా కదులుతున్న చోట సెట్టు నిలవాలంటే అందుబాటులో ఉన్న ప్రతి మిల్లీమీటరూ వాడుకోవాలి. ఒక మిల్లీమీటరు ఎక్కువైతే పుండు పడుతుంది, లేదా నోరు తెరవగానే సెట్టు లేస్తుంది. ఆ గీత ఎక్కడుందో చెప్పేది మెటీరియల్ కాదు, బోర్డర్ మౌల్డింగే, అంటే బుగ్గా నాలుకా కదిలిస్తూ ట్రే అంచుల్ని మలచడం.

ట్రేకి షెల్లాక్ (లక్క షీట్) చవక, త్వరగా అవుతుంది. కానీ గ్రీన్ స్టిక్ వేడికే వంగిపోతుంది, అందుకే నేను వద్దంటాను. సెల్ఫ్ క్యూర్ యాక్రిలిక్ (తనంతట గట్టిపడే ప్లాస్టిక్) నమ్మకమైనది. సుమారు 2 మిల్లీమీటర్ల మందంలో చేసి ఒక రాత్రి వదిలేస్తే దాని కుంచించుకుపోవడం అయిపోతుంది. ఉదయం చేసి మధ్యాహ్నం వాడితే ఆ మార్పు మీ కొలతలో వస్తుంది. లైట్ క్యూర్ షీట్ ఉంటే ఆ బెడద తక్కువ, ఖరీదు ఎక్కువ. అంచులు గాడి లోతుకి 2 మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలి, ఆ ఖాళీ గ్రీన్ స్టిక్‌కి. పట్టుకునే పిడి పెదవిని బయటికి తోయకుండా, పళ్ళు ఉండే దిశలో నిలబడాలి. కింది ట్రేకి రెండు పక్కలా వేళ్ళు ఆనించుకునే దిమ్మెలు పెట్టిస్తే వేళ్ళు బుగ్గని నొక్కవు. ల్యాబ్‌కి ఇవన్నీ కాగితం మీద రాసి పంపాలి. నోటితో చెబితే ఫోన్ పెట్టేసేలోపు మరిచిపోతారు.

బోర్డర్ మౌల్డింగ్‌లో గ్రీన్ స్టిక్‌తో ముక్కలు ముక్కలుగా చేయడం ఒక దారి. పుట్టీ, హెవీ బాడీ (చిక్కటి) సిలికాన్ లేదా పాలీఈథర్‌తో (రబ్బరు లాంటి ఇంకో మెటీరియల్) ఒకేసారి చుట్టూ చేసేయడం ఇంకో దారి. రెండో దాంట్లో ట్రే నోట్లో పెట్టి తీయడం ఒక్కసారే, పెద్దవాళ్ళకి అలసట తక్కువ. కానీ ఎక్కడో ఒక చోట తప్పితే మొత్తం మళ్ళీ చేయాలి. చేయి తిరిగేవరకూ గ్రీన్ స్టిక్కే మంచి గురువు. ఒక్క మూల తప్పితే ఆ మూలే వేడి చేసి దిద్దుకోవచ్చు. మంట మీద మెత్తబడగానే సూటిగా నోట్లో పెట్టకూడదు, వేడినీళ్ళ గిన్నెలో ఒక్కసారి ముంచి పెట్టాలి. లేకపోతే చిగురు కాలుతుంది, ఆ తర్వాత పేషెంటు మనల్ని నమ్మరు.

కదలికలు చేయించడంలో మన భాష చాలా ఉపయోగపడుతుంది. "టంగ్ ప్రొట్రూడ్ చేయండి" అని చెప్పిన హౌస్ సర్జన్‌ని నేను చూశాను, ఆ ముసలమ్మ ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. "నాలుక బయటికి పెట్టమ్మా, ఇప్పుడు కుడి బుగ్గ మీద తోయి, ఎడమ బుగ్గ మీద తోయి, ఒకసారి గుటక వెయ్యి" అంటే పని అయిపోతుంది. కింద వెనక భాగానికి, ట్రే దిమ్మెల మీద మన వేళ్ళు పెట్టి "నా వేళ్ళని అదుముతున్నట్టు నోరు మూయండి" అనాలి. పై వెనక మూలలకి నోరు పెద్దగా తెరిపించి, దవడని కుడికీ ఎడమకీ కదిలించమనాలి. అంగిలి వెనక గీత కోసం "ఆ" అనిపించి, మెత్తటి భాగం ఎక్కడి నుంచి కదులుతోందో చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. చివర్లో కింది ట్రే రిట్రోమోలార్ ప్యాడ్ (రిడ్జ్ వెనక చివర ఉండే మెత్తటి దిండు) మీద కూర్చుందో లేదో, పక్కన బక్కల్ షెల్ఫ్ (బుగ్గ వైపు ఎముక అరుగు) పూర్తిగా కవర్ అయిందో లేదో చూడండి. కింద నమిలే బరువు మోయాల్సింది ఆ షెల్ఫే.

పై ట్రే మౌల్డింగ్ అయ్యాక పిడి పట్టి కిందికి లాగితే ఊడి రాకూడదు. వాష్ (చివర్లో వేసే పలచటి పొర) పేస్టు వేయకముందే నిలబడాలి. నిలబడకపోతే ఏ వాష్ మెటీరియలూ దాన్ని నిలబెట్టదు.

వాష్: జింక్ ఆక్సైడ్ పేస్టు, సిలికాన్, ఇంకా మిగతావి

జింక్ ఆక్సైడ్ యూజినాల్ పేస్టు పలచగా పారుతుంది, ఒక మిల్లీమీటరు పొరలో కూడా వివరాలన్నీ పడతాయి, గట్టిపడ్డాక వంగదు. ట్రేకి అడ్హెసివ్ అక్కర్లేదు. ఎక్కడైనా గుంట పడితే కొంచెం కలిపి పూసి మళ్ళీ పెట్టొచ్చు. ధర సిలికాన్‌తో పోలిస్తే చాలా తక్కువ. రెండు ట్యూబుల్లోంచి సమానమైన పొడవు తీసి ఒకే రంగు వచ్చేవరకూ కలపాలి, చారలు కనిపిస్తుంటే ఇంకా కలవలేదన్నమాట. తడి, వేడి రెండూ దీన్ని త్వరపెడతాయి. కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉక్కపోత ఊళ్ళలో ఏసీ వేసి కలపండి. పెదవుల చుట్టూ వాజలీన్ రాయకపోతే పేస్టు అంటుకుని ఇబ్బంది పెడుతుంది.

కొలత తీశాక పేస్టులోంచి ట్రే ఎక్కడైనా కనబడుతోందా చూడండి. అక్కడ ఒత్తిడి ఎక్కువైందని అర్థం. ఆ చోట ట్రేని బర్‌తో కొద్దిగా గీకి మళ్ళీ తీయాలి. అలా చెప్పకనే తన తప్పు చెప్పే గుణం ఈ పేస్టుకి ఎక్కువ, అందుకే నాకిష్టం.

దీనికి పనికిరాని నోళ్ళు రెండు. ఒకటి, అండర్‌కట్‌లు ఎక్కువున్నది. గట్టిపడ్డాక సాగదు కాబట్టి బయటికి తీసేటప్పుడు పగులుతుంది. రెండోది, ఎండిపోయిన నోరు. అక్కడ చిగురుకే అంటుకుపోతుంది, యూజినాల్ మంట కూడా ఎక్కువ. లవంగ నూనె వాసన మనకి అలవాటైనా, పలచటి చిగురున్న పెద్దావిడకి అది కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంది. ఈ రెండు నోళ్ళకీ లైట్ బాడీ (పలచటి) అడిషన్ సిలికాన్ వాడాలి.

సిలికాన్‌కి ఇంకో పెద్ద లాభం, ఆగగలగడం. కొలత తీశాక వారం దాటాక పోసినా సైజు మారదు. క్లినిక్ నర్సీపట్నంలోనో, ఆదిలాబాద్‌లోనో ఉండి, ల్యాబ్ నగరంలో ఉండి, ఇంప్రెషన్ ఆర్టీసీ కార్గోలో వెళ్ళాల్సి వస్తే ఇది చిన్న విషయం కాదు. జాగ్రత్తలు కూడా ఉన్నాయి. లేటెక్స్ గ్లౌజులతో పుట్టీ పిసికితే అందులోని సల్ఫర్ వల్ల సెట్ అవదు, వినైల్ లేదా నైట్రైల్ గ్లౌజులు వాడాలి. ట్రేకి అడ్హెసివ్ రాసి ఆరనివ్వాలి. చిగురు మీద లాలాజలం చెరువులా ఉంటే సన్నటి వివరాలు పడవు.

సిలికాన్ కొనేటప్పుడు డబ్బా మీద చదవండి. కండెన్సేషన్ సిలికాన్ చవకగా దొరుకుతుంది, "సిలికానే కదా" అని కొంటారు. అది గట్టిపడుతున్నప్పుడు ఆల్కహాల్ బయటికి పోయి కుంచించుకుపోతుంది, గంటలోపే పోయాలి. కార్గోలో పంపాలంటే అడిషన్ సిలికాన్ తప్ప వేరేది వద్దు.

పాలీఈథర్ మంచి మెటీరియలే. గట్టిగా ఉంటుంది, అంచులకీ వాష్‌కీ ఒకటే సరిపోతుంది. రుచి చేదు, తీసేటప్పుడు బలం కావాలి, ధర చూస్తే మధ్యస్థాయి క్లినిక్‌కి టెన్షనే. ఇంప్రెషన్ ప్లాస్టర్ మాత్రం ఊగే చిగుళ్ళ దగ్గర నిజంగా పనికొస్తుంది, కానీ మన షాపుల్లో అడిగితే అరుదుగా దొరుకుతుంది.

తిప్పలు పెట్టే నోళ్ళు

కింది రిడ్జ్ పూర్తిగా చదునైపోయిన నోటికి నా మొదటి ఎంపిక ఆడ్‌మిక్స్, అంటే రెండు కాంపౌండ్ల మిశ్రమం. మెకార్డ్, టైసన్ అనే డెంటిస్టులు 1997లో చెప్పిన పద్ధతి ఇది. ఇంప్రెషన్ కాంపౌండ్ 3 పాళ్ళు, గ్రీన్ స్టిక్ 7 పాళ్ళు తూకం వేసి 60 డిగ్రీల నీళ్ళలో కలిపి ముద్ద చేస్తారు. వదులుగా ముడతలు పడ్డ చిగురుని పక్కకి తోసి, కింద ఉన్న గట్టి భాగాన్ని అది పట్టుకుంటుంది. నోట్లో ఉన్నప్పుడే నాలుక, బుగ్గలు కదిలిస్తే అంచులు కూడా వస్తాయి. గట్టిపడ్డాక వేలితో నొక్కి చూస్తే ఎక్కడ నొప్పి పుడుతుందో పేషెంటే చెబుతారు, ఆ చోట వేడి చేసి సర్దొచ్చు. ఇంత చౌకలో ఇంత పని చేసే పద్ధతి వేరొకటి నాకు కనబడలేదు.

ఇంత చేసినా కింది సెట్టు రాయిలా నిలవదని ముందే చెప్పాలి. స్తోమత ఉన్నవాళ్ళకి కింద రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే ఓవర్‌డెంచర్ మాట చెప్పాలి. 2002లో మెక్‌గిల్ ఒప్పందం (మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో నిపుణులు కుదుర్చుకున్న ఏకాభిప్రాయం) కిందిదవడకి అదే మొదటి ఎంపికగా ఉండాలంది. స్తోమత లేని ఇంట్లో ఆ మాటని పదే పదే ఎత్తి బాధపెట్టకండి.

పైన ముందు భాగం ఊగుతుంటే కింద ముందు పళ్ళు సొంతవి ఉన్నాయేమో చూడండి. చాలాసార్లు ఉంటాయి. అవి ఏళ్ళ తరబడి పై సెట్టుని ముందు తన్నితే ఆ సెట్టు లోపలి పైదవడ ఎముక కరిగి చిగురు మెత్తగా మిగులుతుంది. ఈ గుంపు లక్షణాలని కెల్లీ అనే డెంటిస్టు 1972లో వర్ణించారు. ఇక్కడ కాంపౌండ్ గానీ, దట్టమైన పుట్టీ గానీ పెడితే ఆ చిగురు వెనక్కి వాలిపోతుంది. అలా కట్టిన సెట్టుని నోరు మూసినప్పుడు చిగురే బయటికి తోసేస్తుంది. మార్గం కిటికీ ట్రే. ఊగే భాగం మీద ట్రేకి కిటికీ కోసి, మిగతాదంతా జింక్ ఆక్సైడ్‌తో తీయాలి. తర్వాత ట్రే నోట్లో ఉండగానే ఆ కిటికీలోంచి లైట్ బాడీ సిలికాన్‌ని సిరంజితో, లేదా ప్లాస్టర్‌ని బ్రష్‌తో ఏ ఒత్తిడీ లేకుండా పూయాలి.

చిగురుని నొక్కాలా, నొక్కకూడదా అన్న వాదం వంద సంవత్సరాల నాటిది. అంతా నొక్కమనేవాళ్ళు, అసలు తాకనట్టు తీయమనేవాళ్ళు, మోయగల చోట మాత్రమే నొక్కమనే బౌచర్ వర్గం. మోయగల చోట నొక్కి, మోయలేని చోట వదిలేయడం తార్కికంగా ఉంది, స్పేసర్ మైనంతో (ట్రే చేసేటప్పుడు ఖాళీ కోసం కింద వేసే మైనం పొర) ట్రేలోనే అది సాధ్యం. పైన అంగిలి మధ్య గీతకీ, ముందు పళ్ళ వెనకుండే ఇన్సైసివ్ పాపిల్లాకీ ఖాళీ వదలండి, కింద పదునైన రిడ్జ్ అంచుకీ వదలండి.

గుట్కా వల్ల నోరు రెండు వేళ్ళు కూడా తెరుచుకోని పేషెంట్లు ఇప్పుడు ఎక్కువవుతున్నారు. వాళ్ళకి ట్రేని రెండు ముక్కలుగా చేసి, నోట్లో కలిపే పద్ధతి తప్ప మామూలు ట్రే వెళ్ళదు. అలాంటి కేసు కాలేజీకి పంపడంలో చిన్నతనం లేదు.

వాంతి వచ్చినట్టయ్యే వాళ్ళకి ముందు కింది కొలత తీయండి, నమ్మకం కుదురుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకి వంచి, ముక్కుతో ఊపిరి తీసుకోమని చెప్పండి. పై ట్రే వెనక భాగంలో మెటీరియల్ కొంచెమే వేసి, మొదట వెనక భాగం ఆనించి, తర్వాత ముందు భాగం ఎత్తాలి. అప్పుడు గొంతు వైపు కారదు.

స్కానర్ సంగతి

పళ్ళున్న నోటికి స్కానర్ బాగుంటుంది. పళ్ళు లేని నోట్లో దానికి పట్టుకోడానికి గుర్తులు తక్కువ, చిగురు లాలాజలంతో మెరుస్తుంది, బుగ్గా నాలుకా మధ్యలో వస్తాయి. గట్టి అంగిలి ఉన్న పైదవడ ఫరవాలేదు. కింద మాత్రం కదిలే అంచు ఎక్కడో స్కానర్‌కి తెలియదు, దానికి గుటక వేయించలేం. స్కానర్ ఉన్నవాళ్ళు చేయగలిగిన తెలివైన పని, మంచి పాత సెట్టులో వాష్ వేసి, దాన్ని బయటికి తీసి, అన్ని వైపులా స్కాన్ చేయడం. మంచం దిగలేని పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఇది ఎంతో కలిసొస్తుంది. ఈ ఒక్క పని కోసం స్కానర్ కొనడం మాత్రం దండగ.

ల్యాబ్‌లో పోయే పని

ఇంత కష్టపడి మలిచిన అంచుని కాస్ట్ పోసే మనిషి ఒక్క నిమిషంలో గీకేయగలడు. అందుకే జింక్ ఆక్సైడ్ కొలతకి అంచు కింద చుట్టూ బీడింగ్ మైనం, దాని చుట్టూ గోడలా బాక్సింగ్ పెట్టి పోయించండి. ట్రిమ్మర్ దాకా వెళ్ళేటప్పుడు అంచు పక్కన గాడి మిగలాలని చెప్పండి. ఇన్‌ఫెక్షన్ జాగ్రత్తలు కూడా ఇక్కడే. నీళ్ళతో కడిగి, ఆల్జినేట్‌ని హైపోక్లోరైట్ స్ప్రే చేసి పది నిమిషాలు కవర్లో ఉంచి, కడిగి పోసేయాలి. గంటల తరబడి ముంచి ఉంచకూడదు.

క్లినిక్ మొదలుపెట్టే డాక్టర్‌కి నా సలహా ఇది. కాంపౌండ్ కేకులు, గ్రీన్ స్టిక్, జింక్ ఆక్సైడ్ జత, సెల్ఫ్ క్యూర్ యాక్రిలిక్, ఒక వేడినీళ్ళ గిన్నె, థర్మామీటర్ ముందు కొనండి. పుట్టీ, లైట్ బాడీ అడిషన్ సిలికాన్ ఒక్క సెట్ చాలు, ఎండిన నోళ్ళకీ, కిటికీ కేసులకీ, దూరపు ల్యాబ్‌కీ. ఆల్జినేట్ మాత్రం ఎంత డిస్కౌంట్ ఇచ్చినా పెద్ద సంచి కొనకండి. మూత తెరిచాక మన ఎండకీ, తేమకీ ఆ పొడి పాడైపోతుంది. చిన్న ప్యాకెట్లు తెచ్చి, గాలి చొరబడని డబ్బాలో పోసి, తెరిచిన తేదీ మూత మీద రాసిపెట్టుకోండి.